పది పక్కటెముకలు

మా ఆసుపత్రిలో ఎక్స్‌రే గది వరండాకి ఒక కొసన ఉంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ గదికి అటెండర్ని నేను. తలుపు తీయడం, నేల తుడవడం, నిలబడలేనివాళ్ళని నిలబెట్టడం, పడుకోలేనివాళ్ళని పడుకోబెట్టడం నా పని. మాట్లాడాల్సిన పని కాదు గనక నాకు సరిపోయింది.

ఆ ఇరవై రెండేళ్ళలో మూడేళ్ళు గదికి తాళమే. పాత టెక్నీషియను పదవీ విరమణ చేశాక ఇంకొకరు రాలేదు. ఒకాయన వచ్చాడు గాని రెండు పూటలు ఊరంతా తిరిగి, ఇక్కడ పిల్లలకి బడి ఎలా ఉంటుందని నన్నడిగి, నేను నోరు తెరిచేలోగా బస్సెక్కేశాడు. తీసేవాడే లేనప్పుడు ఫోటో చదివే డాక్టరు సంగతి అడగక్కర్లేదు. దగ్గొచ్చినవాళ్ళు, చెయ్యి విరిగినవాళ్ళు మూడు గంటలు బస్సులో పెద్ద ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళు. వెళ్ళలేనివాళ్ళు ఇంట్లోనే దగ్గుకునేవాళ్ళు. నేను మాత్రం రోజూ పొద్దున తాళం తీసి, మిషను మీద దుమ్ము తుడిచి, మళ్ళీ తాళం వేసేవాణ్ణి. ఎందుకు తుడుస్తున్నావని ఎవరూ అడగలేదు.

నాలుగో ఏడు కొత్త పద్ధతి వచ్చింది. ఫోటో తీసేది ఇక్కడ, చదివేది ఎక్కడో కూర్చున్న డాక్టరమ్మ. ఫిల్ము కడిగే చీకటి గది పోయింది. ఫోటో కంప్యూటర్లో పడుతుంది, నెట్‌లో వెళ్తుంది, అరగంటలో దాని కింద డాక్టరమ్మ రాత తిరిగొస్తుంది. ఆవిణ్ణి మేమెవ్వరం చూడలేదు. దూరం డాక్టరమ్మ అని పిలుచుకుంటాం. ఆవిడొక్కతే మాలాంటి ఆసుపత్రులు పదకొండింటికి ఫోటోలు చదువుతుంది.

తీసేవాళ్ళు దొరకరు కాబట్టి మా సిస్టరమ్మనే ఆరు వారాలు పంపి పని నేర్పించారు. ఆ అమ్మాయి ఈ ఊళ్ళోనే పుట్టింది, ఈ ఆసుపత్రిలోనే. ఊళ్ళో సగంమంది ఆమెకి అత్తలు, మిగతా సగం మావయ్యలు, పెదనాన్నలు. నన్ను బాబాయ్ అంటుంది. వరస ఎలా వచ్చిందో నాకు తెలియదు గాని ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే పలకనంతగా అలవాటైపోయింది.

మొదట్లో జనానికి అదో వింత. ఛాతీ ఫోటోకి వచ్చి తల దువ్వుకునేవాళ్ళు. "ఆ డాక్టరమ్మకి నేను కనబడతానా?" అని అడిగేవాళ్ళు.

"నువ్వు కనబడవు పెదనాన్నా, నీ ఎముకలు కనబడతాయి," అనేది సిస్టరమ్మ.

"పోనీ నా ఎముకలు అడిగాయని చెప్పమ్మా."

అంతా బాగానే ఉందనుకున్నాం. రెండో నెల మొదట్లో పెద్ద డాక్టరు మా ఇద్దరినీ గదిలోకి పిలిచాడు. ఆసుపత్రి మొత్తానికి ఉన్నది ఆయనొక్కడే డాక్టరు. చిన్న డాక్టరు లేకపోయినా ఆయన్ని పెద్ద డాక్టరనే అంటాం. చేతిలో కాగితం ఉంది.

"వంద ఛాతీ ఫోటోలు పంపితే ఇరవై ఏడు తిప్పి పంపారమ్మా," అన్నాడు. "చదవడానికి పనికిరావట."

సిస్టరమ్మ మొహం మాడిపోయింది. "చేతులూ కాళ్ళూ ఎలా ఉన్నాయి సార్?"

"అవి బాగున్నాయి. ఛాతీలే. ఇదిగో, అన్నిటికీ ఒకటే రాశారు: ఊపిరి చాలలేదు. వెనకవైపు పది పక్కటెముకలు కనబడాలి, ఎనిమిదే కనబడుతున్నాయి."

ఊపిరి నిండా పీలిస్తే ఛాతీ గంపలా విచ్చుకుంటుంది, లోపల మూల మూలలు కనబడతాయి. పీల్చకపోతే ఊపిరితిత్తులు ముడుచుకుని అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. మచ్చ ఉన్నా తెలియదు, లేకపోయినా ఉన్నట్టుంటుంది. అందుకు ఎముకలు లెక్కపెడతారు.

"అసలు కబురు ఇది," అంటూ కళ్ళజోడు తీసి పెట్టాడాయన. "ఆవిడ ఒక్క మనిషి. మనం పాడుచేసిన ప్రతి ఫోటోకీ ఇంకో ఊళ్ళో ఎవరో ఒకరు ఆగాలి. ఇక నుంచి తీసే వంద ఛాతీ ఫోటోల్లో పది దాటి వెనక్కొస్తే మిషను విప్పి వేరే ఆసుపత్రికి పట్టుకుపోతారు. పది వరకూ సరే. పదకొండు అయితే లారీ వస్తుంది."

"తీశాక బాగాలేదనిపిస్తే నేనే మళ్ళీ తీసి పంపనా సార్?"

"కుదరదు. తీసిన ప్రతిదీ లెక్కలోకి వెళ్తుంది. చెరపడానికి లేదు. ఉండకూడదు కూడా. ఊరికే మనుషుల్లోకి ఎక్స్‌రే పంపుతామా?"

వరండాలోకి వచ్చాక సిస్టరమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. "మళ్ళీ తాళమేనా బాబాయ్?" అంది. నేను గది తాళంచెవి జేబులో ఉందో లేదో తడిమి చూసుకున్నాను.

ముందు మిషనునే అనుమానించాం. ఇంజినీరు వచ్చాడు. మూతలు విప్పాడు, మీటలు నొక్కాడు, పలక కొలిచాడు. "మిషను బంగారం," అన్నాడు. "దీనికేం రోగం లేదు. రోగం మీలో ఎక్కడో ఉంది," అని నవ్వి వెళ్ళిపోయాడు. నెట్ నిదానమేమోనని ఆ తీగ కూడా మార్పించాం. ఏం మారలేదు.

సిస్టరమ్మ తప్పంతా తనదే అనుకుంది. ఇంకా బాగా చెప్పాలని కూర్చుంది. మనిషి గదిలోకి వచ్చింది మొదలు ఊపిరి అంటే ఏమిటో, అది ఎక్కడికి వెళ్తుందో, పక్కటెముకలు ఎందుకు విచ్చుకుంటాయో గొడుగు విప్పి మూసి మరీ చూపించేది. వచ్చినవాళ్ళకి ఆ గొడుగు తెగ నచ్చింది. ఫోటోలు మాత్రం మారలేదు. ముప్పై ఫోటోలు అయ్యేసరికి ఎనిమిది వెనక్కొచ్చాయి. ఇంకా డెబ్భై ఉన్నాయి. చేతిలో మిగిలింది రెండు.

నేను తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉండేవాణ్ణి. ఫోటో తీసేటప్పుడు సిస్టరమ్మ, నేను సీసం గోడ వెనక చిన్న గదిలోకి వెళ్తాం. దానికి సీసం కలిపిన అద్దం కిటికీ, మాట వినబడటానికి చిన్న కన్నం ఉంటాయి. అవతల మనిషి గోడవైపు తిరిగి, పలకకి ఛాతీ ఆనించి, గడ్డం పలక అంచు మీద పెట్టి, మాకు వీపు చూపిస్తూ నిలబడతాడు. సిస్టరమ్మ చేతిలో మీట. సగం నొక్కితే మిషనులో ఏదో గిర్రున తిరుగుతుంది, పూర్తిగా నొక్కితే టిక్‌మంటుంది.

ఆ వారం లెక్కల మాస్టారు వచ్చాడు. జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. ఏం కావాలన్నా కాగితం మీద రాసి చూపిస్తున్నాడు. ఆయన ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది, పది ఎముకలూ చక్కగా పేర్చినట్టు. మర్నాడు ఒక ముసలాయన్ని భార్య లాక్కొచ్చింది. ఇద్దరూ పొద్దున్నే పోట్లాడుకున్నారు. భార్య గుమ్మంలో ఉన్నంతసేపూ ఆయన నోరు విప్పలేదు. విప్పితే ఓడిపోయినట్టు లెక్క. ఆయనదీ బ్రహ్మాండమే.

మధ్యాహ్నం వడ్రంగి వచ్చాడు. మంచి ఛాతీ, మంచి ఊపిరి, కష్టపడే మనిషి. నేను కిటికీలోంచి అతని వీపునే చూస్తున్నాను.

"అన్నయ్యా, గడ్డం కాస్త పైకి. ఆ, అంతే. ఇప్పుడు ఊపిరి నిండా పీల్చు. ఇంకా, ఇంకా. అలాగే బిగబట్టు."

వడ్రంగి వీపు విశాలంగా విచ్చుకుంది.

"బిగబట్టానమ్మా," అన్నాడు.

టిక్.

ఆ మాటతోనే వీపు దిగిపోయింది. వెనక్కొచ్చిన ఎనిమిదిలో ఆఖరు ఫోటో అతనిదే. నేను చూశాను.

అప్పుడు అన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. అలాగే తల్లీ. సరేనమ్మా. ఇదిగో పీల్చాను. బిగబట్టా, ఇంకేం చెయ్యమంటావ్? మా ఊళ్ళో ఎవరైనా పలకరిస్తే జవాబు చెప్పకుండా ఉండరు. అందులోనూ వరస పెట్టి పిలిచే పిల్ల. పాత టెక్నీషియన్ని మేము ఉరుము అనేవాళ్ళం. ఆయన "ఊపిరి బిగబట్టు!" అని గర్జిస్తే మనుషులు ఊపిరితో బాటు ప్రాణం కూడా బిగబట్టేవాళ్ళు. జవాబు చెప్పే ధైర్యం ఎవరికుంది? ఆయన ఫోటోల్లో ఎప్పుడూ పది ఎముకలు ఉండేవి. సిస్టరమ్మ మంచితనం రెండు ఎముకలు తినేస్తోంది.

ఆ సంగతి ఒక రోజంతా నా నోట్లోనే ఉండిపోయింది. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. రెండో రోజు నేల తుడుస్తూ ఆగాను.

"అమ్మాయ్," అన్నాను.

సిస్టరమ్మ చేతిలో గొడుగు పక్కన పెట్టేసింది. "ఏమైంది బాబాయ్? ఒంట్లో బాగాలేదా?"

"జవాబు చెప్తున్నారు."

"ఎవరు?"

"అందరూ. బిగబట్టమంటే బిగబట్టానని చెప్తున్నారు. చెప్తే ఊపిరి పోతుంది."

ఆమె తనే పలకకి ఆనుకుని నిలబడి, ఊపిరి పీల్చి, "బిగబట్టానమ్మా" అని చూసుకుంది. ఇంకోసారి అంది. ఆ తరవాత స్టూలు మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. "ఆరు వారాలు నేర్పారు బాబాయ్. ఈ ముక్క ఎవ్వరూ చెప్పలేదు!"

తెలిసిపోయింది కదా, ఇంక సులువనుకున్నాం. తరవాత వచ్చినావిడకి సిస్టరమ్మ ముందే చెప్పింది.

"పిన్నీ, నేను బిగబట్టమన్నప్పుడు జవాబు చెప్పకూడదు. తెలిసిందా?"

"తెలిసిందమ్మా."

"ఊపిరి పీల్చు. బిగబట్టు."

"చెప్పనులే."

సిస్టరమ్మ మీట మీంచి వేలు తీసేసింది. అదృష్టం, నొక్కలేదు. ఇంకో రెండుసార్లు ప్రయత్నించాం. ఒకసారి "ఊ" అంది. ఇంకోసారి ఏమీ అనలేదుగాని తల ఊపింది.

"మనం అడక్కపోతే వాళ్ళు చెప్పరు," అన్నాను.

"అడక్కపోతే ఎప్పుడు పీల్చాలో వాళ్ళకెలా తెలుస్తుంది బాబాయ్? మొహం గోడవైపు ఉంటుందిగా. మనం కనబడం."

గోడవైపు చూశాను. ఆ సాయంత్రం సెలూనాయన దగ్గరికి వెళ్ళాను. గోడకి ఆనించిన పాత అద్దం ఒకటి చాలాకాలంగా చూస్తున్నాను, ఒక మూల పగిలింది. చూపించాను.

"అద్దమా? నీకా?" అన్నాడు. "ఇరవై ఏళ్ళుగా నా కుర్చీలో కళ్ళు మూసుకుని కూర్చునే మనిషివి. ఇప్పుడేం చూసుకుంటావు అందులో?"

"ఆసుపత్రికి."

"ఓహో, ఎక్స్‌రే బాగా రావడానికా? లోపల ఎముకలు దువ్వుకుంటారా? పట్టుకుపో, పట్టుకుపో. ఎముకలకి దువ్వెన కూడా ఇమ్మంటావా?"

అద్దాన్ని పలకకి పైన, గోడ మీద కొంచెం వంచి బిగించాను. గడ్డం పలక మీద ఆనించినవాళ్ళకి అందులో వెనక ఉన్న మా కిటికీ కనబడుతుంది. కిటికీలో నేను. నోటి మీద వేలు పెడతాను. ఊపిరి పీలుస్తాను, వాళ్ళూ పీలుస్తారు. బిగబడతాను, వాళ్ళూ బిగబడతారు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు. సిస్టరమ్మ మీట నొక్కుతుంది.

మొదటి రోజే ఒకటి పోయింది. పాలు పోసే ఆయన నా మొహం చూసి పగలబడి నవ్వాడు, సరిగ్గా టిక్ అన్నప్పుడే. ఫోటోలో ఎముకలు కూడా నవ్వినట్టే ఉన్నాయి.

"ఏం మొహం పెట్టారు బాబాయ్?" అంది సిస్టరమ్మ.

బుగ్గలు పూరించి చూపించాను.

"అమ్మో, అది వద్దు. మీ మామూలు మొహం పెట్టండి. దాన్ని చూసి ఇంతవరకూ ఎవ్వరూ నవ్వలేదు."

మామూలు మొహమే పెట్టాను. అంతే. నలభై, యాభై, అరవై ఫోటోలు దాటాయి. ప్రతి ఫోటో కిందా దూరం డాక్టరమ్మ రాత తిన్నగా వచ్చేది. ఫోటో గురించి ఫిర్యాదు లేదు, రోగం గురించే మాట. నేను కంప్యూటరు ముందు నిలబడి పైనుంచి ఎముకలు లెక్కపెట్టేవాణ్ణి. ఎనిమిది దాటి తొమ్మిది, తొమ్మిది దాటి పది. సిస్టరమ్మ కూడా పక్కన నిలబడి పెదవులతో లెక్కపెట్టేది. డెబ్భై ఆరో ఫోటో మాత్రం సరిగ్గా నొక్కేవేళ దగ్గొచ్చి పోయింది. దానికి ఎవరినీ అనడానికి లేదు. దగ్గని వచ్చిన మనిషి దగ్గుతాడు.

ఆ రోజు నుంచి చేతిలో మిగిలింది సున్నా. తొంభై తొమ్మిది వరకూ ఎలా వెళ్ళామో ఇప్పుడు తలుచుకుంటే నాకే ఆశ్చర్యం.

వందో ఫోటోకి శుక్రవారం మధ్యాహ్నం మా వదిన వచ్చింది.

మా అన్న లారీ నడుపుతాడు, వారంలో రెండు రోజులే ఇంట్లో ఉంటాడు. నేను పెళ్ళి చేసుకోలేదు. చేసుకుంటానని ఎవరికీ చెప్పలేదు, అందుకని ఎవరూ చెయ్యలేదు. కాబట్టి ఆ ఇంట్లో మాట అంటే వదినదే. నిద్ర లేచినప్పటి నుంచి గిన్నెలతో, కిటికీతో, వీధిలో పోయేవాళ్ళతో, నాతో మాట్లాడుతూనే ఉంటుంది. నేను తల ఊపుతాను. ముప్పై ఏళ్ళుగా అదే వరస. మూడు వారాలుగా దగ్గుతోంది. దగ్గుకీ దగ్గుకీ మధ్య కూడా మాట్లాడుతోంది. రమ్మంటే రేపు, ఎల్లుండి అంటూ దాటేసింది. ఆ రోజు తనే వచ్చింది.

పెద్ద డాక్టరు వరండాలో సిస్టరమ్మని పక్కకి పిలిచాడు. గొంతు తగ్గించాడుగాని నాకు వినబడింది.

"వందోది కదమ్మా. ఆవిణ్ణి సోమవారం రమ్మందాం. ఉద్యోగం కాగితం కోసం ఆ బస్సు డ్రైవరు వచ్చి కూర్చున్నాడు, దున్నపోతులా ఉన్నాడు. అతనిది తీస్తే లెక్క తేలిపోతుంది."

సిస్టరమ్మ నా వంక చూసింది. నేను నేల వంక చూశాను. ఒక పక్క గది. ఇంకో పక్క వదిన.

"మూడు వారాల దగ్గు సార్," అంది సిస్టరమ్మ. "వరసలో ముందు ఆవిడే ఉంది. ఆవిడ ఫోటో తీయడానికి కాకపోతే ఈ మిషను మనకెందుకు?"

పెద్ద డాక్టరు తల ఊపాడు. "తీయమ్మా," అన్నాడు. "నేనూ వచ్చి నిలబడతాను."

వదిన పలక దగ్గర నిలబడింది. గడ్డం ఆనించింది. నేను కిటికీలోకి వెళ్ళి నోటి మీద వేలు పెట్టాను.

"పెద్దమ్మా, ఎదురుగా అద్దం ఉంది చూడండి. అందులో బాబాయ్ కనబడుతున్నారా?"

"ఏ అద్దం? నాకు కళ్ళకి పొరలొచ్చాయి కదమ్మా, ఆపరేషను వచ్చే నెలన్నారు. తెల్లగా ఏదో వెలుతురు కనబడుతోంది. అదేనా మా మరిది? అంత తెల్లగా ఉండడే."

నా వేలు నోటి మీదే ఉండిపోయింది. ఇంట్లో ఆవిడ అన్నీ తడిమి చేసుకుంటుందని నాకు తెలుసు. అద్దం బిగించినప్పుడు ఆ సంగతి తట్టలేదు.

సిస్టరమ్మ దగ్గరికి వెళ్ళి వీపు మీద చెయ్యి వేసి చెప్పి చూసింది. "నేను వీపు తడితే ఊపిరి పీల్చండి."

"పీల్చానమ్మా."

"మాట్లాడకూడదు పెద్దమ్మా."

"నేనెక్కడ మాట్లాడాను?"

అయినా ఫోటో తీసేటప్పుడు సిస్టరమ్మ అక్కడ ఉండటానికి లేదు. సీసం గోడ వెనక్కి రావాలి. వచ్చి కన్నంలోంచి చెప్పింది. ప్రతిసారీ జవాబొచ్చింది. చేత్తో నోరు మూసుకోమంది. మూసుకున్న చేతిలోంచి "ఊ" అని వినబడింది. ఈలోపు దగ్గొకటి.

"వదిలేద్దామా బాబాయ్?" అని గొణిగింది సిస్టరమ్మ. "ఆవిడ అలిసిపోతున్నారు." వేలు మీట మీదే ఉంది. వేలి చివర తెల్లబడింది.

అవతల వదిన మాట్లాడుతూనే ఉంది. "ఏమ్మా, నా వల్ల ఏదైనా ఇబ్బందా? మా మరిది అక్కడే ఉన్నాడా? ఉన్నా చెప్పడులే. ఈ గది గురించి ఇంట్లో ఒక్క ముక్క చెప్పడు. మిషను తీసుకుపోతారట కదా, అది కూడా పాలవాళ్ళు చెబితే తెలిసింది. నెల రోజులుగా అన్నం సరిగా తినడం లేదు, ఎందుకో నాకు తెలియదనుకుంటాడు."

నాకు ఏమైందో తెలియదు. కన్నం దగ్గరికి వంగాను. సిస్టరమ్మ పక్కకి జరిగింది. మీట సగం నొక్కి ఉంది, మిషనులో గిర్రున తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది.

"వదినా," అన్నాను. "నీ మాటలు వినబడకపోతే నాకు ఆ ఇంట్లో తోచదు. నాకేం తెలిసినా నీ దగ్గర విన్నదే."

వదిన హా అని ఒక్క పెద్ద ఊపిరి పీల్చింది. వీపు అంత చివరికీ విచ్చుకుంది. అలాగే ఆగిపోయింది. మాట లేదు, కదలిక లేదు.

టిక్.

గదిలో అందరం అలాగే నిలబడిపోయాం. పెద్ద డాక్టరు కూడా ఊపిరి వదల్లేదు. కంప్యూటర్లో ఫోటో మెల్లగా పైనుంచి కిందికి తేలింది. సిస్టరమ్మ, నేను దగ్గరికి వెళ్ళాం. ఒకటి, రెండు, మూడు... తొమ్మిది. పది. దాని కింద పదకొండోది కూడా కాస్త తొంగిచూస్తోంది.

"పదకొండు బాబాయ్!" అని అరిచి సిస్టరమ్మ నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని తను కూడా లెక్కపెట్టాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు.

వదిన మాత్రం పలక దగ్గరే ఉంది. "అయిపోయిందా?" అని మెల్లగా అడిగింది. ఆవిడ అంత మెల్లగా అడగ్గా నేనెప్పుడూ వినలేదు.

అరగంటలో రాత వచ్చింది. సిస్టరమ్మ పైకి చదివింది. "ఫోటో చాలా బాగుంది. కుడివైపు పైభాగంలో చిన్న మచ్చ ఉంది. కఫం పరీక్ష వెంటనే చేయించండి. ఇది ముడుచుకున్న ఫోటోలో కనబడేది కాదు. మొదట్లోనే దొరికింది, మందులతో నయమయ్యే దశ." ఆ కిందే ఇంకో వాక్యం: "వందలో పది. మిషను మీదే. ఇంతకీ మీరేం చేశారు?"

సిస్టరమ్మ ఫోను చేసి అంతా చెప్పింది. అవతలి నుంచి దూరం డాక్టరమ్మ నవ్వు మాకందరికీ వినబడింది. సన్నటి గొంతు, నేననుకున్నదానికంటే చిన్న వయసు. మిగతా పది ఆసుపత్రుల్లో కూడా అద్దాలు పెట్టిస్తానంది. "మరి ఆ మొహం?" అని అడిగింది సిస్టరమ్మ. "ఒక్క మొహాన్ని పదిచోట్ల ఎలా పెడతాం?"

ఆ నవ్వులోనే సిస్టరమ్మ తనకి కావలసింది అడిగేసింది. తనకి జ్వరమొస్తే మళ్ళీ తాళం పడకూడదు గనక కట్లు కట్టే సిస్టరుకీ, మందుల గదిలో ఉండే ఆయనకీ కూడా పని నేర్పించాలని. సరేనంది డాక్టరమ్మ. ఈసారి పాఠంలో జవాబుల సంగతి కూడా చేరుస్తానంది. పెద్ద డాక్టరు బయటికి వెళ్ళి బస్సు డ్రైవరుని తనే లోపలికి పిలుచుకొచ్చాడు. నూట ఒకటోది. అతను అద్దంలో నా మొహం చూసి పలకకి బుద్ధిగా అతుక్కుపోయాడు.

సాయంత్రం వదిన చెయ్యి పట్టుకుని ఇంటికి బయల్దేరాను. కఫం పరీక్షకి డబ్బీ ఒకటి ఆవిడ సంచిలో ఉంది. ఎండ ఇంకా ఉంది. వీధిలో కుళాయి దగ్గర ఇద్దరు పలకరించారు. వదిన నవ్విందిగాని ఆగలేదు. రొట్టెల దుకాణం దాటాం, సైకిళ్ళు బాగుచేసే షెడ్డు దాటాం. ఒక్క మాట లేదు. నాకు భయమేసింది. మచ్చ గురించి దిగులు పడుతోందేమో.

"వదినా, ఏం మాట్లాడవేం?" అన్నాను.

"నువ్వు ఇంకేమైనా అంటావేమోనని ఆగానయ్యా," అంది. "ముప్పై ఏళ్ళకి ఒకసారి నోరు విప్పావు. మధ్యలో నేను అడ్డమొస్తే మళ్ళీ ముప్పై ఏళ్ళు ఆగాలి."

చెప్పడం మొదలుపెట్టాను. ఎముకలు ఎన్ని ఉండాలో, ఎందుకు ఉండాలో, వడ్రంగి వీపు ఎలా దిగిపోయిందో, ఆ మచ్చ మందులతో ఎలా తగ్గుతుందో. వదిన నా చెయ్యి పట్టుకుని వింటోంది. నాలుగు ఇళ్ళు దాటామో లేదో,

"ఉండు, ఉండు," అంది. "ఆ వడ్రంగి తండ్రి కూడా అంతే. అతని కథ నీకు తెలియదు. ముందు నేను చెప్పేది విను."

విన్నాను. ఇంటికి చేరేదాకా విన్నాను.